నల్ల మృత్యువు గురించి తిరిగే కబుర్లు: ఏది నిజం, ఏది కట్టుకథ?

పాతకాగితాలు
మా చుట్టాల గ్రూపులో నల్ల మృత్యువు (బ్లాక్ డెత్ అనే 1347 నాటి ప్లేగు) మీద ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. "1347లో యూరప్‌లో ప్లేగు ఎందుకొచ్చింది? వాళ్ళు స్నానాలు చేయరు కాబట్టి. పోపు పిల్లులన్నిటినీ చంపించాడు కాబట్టి. ఆచారాలున్న మన దేశం దరిదాపుల్లోకి కూడా రాలేదు." కింద పక్షి ముక్కు తగిలించుకున్న నల్లకోటు డాక్టరు బొమ్మ. అంత చిన్న మెసేజ్‌లో ఇన్ని తప్పులు ఇరికించడం కూడా ఒక కళే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన బుర్రలో ఉన్న మధ్యయుగాల ప్లేగులో సగం ఆ తర్వాతి శతాబ్దాల నుంచి తెచ్చి అతికించిందే. ఆనాటి మనుషులు మనం అనుకున్నంత మొద్దులు కారు. ఒక్కొక్కటీ తీసుకుని మాట్లాడుకుందామా?

గుంటూరుమిర్చి
ఆగండాగండి. ఆ ముక్కు డాక్టరు కూడా అబద్ధమేనా? నేను చూసిన ప్రతి వీడియో థంబ్‌నెయిల్ మీదా ఆయనే ఉంటాడు!

పాతకాగితాలు
డాక్టరు నిజమే, కాలమే తేడా. ఆ వేషం 17వ శతాబ్దానిది. ఫ్రాన్స్ రాజు 13వ లూయీ దగ్గర వైద్యుడిగా ఉన్న చార్లెస్ ద లోర్మ్ 1619 ప్రాంతంలో దాన్ని రూపొందించాడని చెబుతారు. మైనం పట్టించిన తోలు కోటు, కళ్ళకు గాజు బిళ్ళలు, ముక్కులో కూరిన సుగంధ మూలికలు, రోగిని చేత్తో తాకకుండా చూడటానికి ఒక కర్ర. చెడుగాలి వల్ల రోగం వస్తుందని నమ్మేవాళ్ళు కాబట్టి గాలి ఆ మూలికల్లోంచి వడకట్టి రావాలని ఏర్పాటు. అందరూ షేర్ చేసే బొమ్మ 1656లో రోమ్‌లో వచ్చిన ప్లేగు మీద పౌల్ ఫ్యూర్స్ట్ అచ్చువేసినది. అందులో వైద్యుడి మీద వెటకారం కూడా ఉంది. నల్ల మృత్యువు వచ్చింది 1347లో. మధ్యలో మూడు వందల ఏళ్ళు! ఛత్రపతి శివాజీ మీద సినిమా తీసి ఆయన చేతికి సెల్‌ఫోన్ ఇచ్చినట్టే.

పిల్లులపెద్దమ్మ
పిల్లుల సంగతి తేల్చండి ముందు. ఆ కథ విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. పిల్లుల్ని చంపారు, ఎలుకలు పెరిగాయి, దేవుడు శిక్షించాడు అని మా ఆఫీసులో ఒకాయన ప్రతి లంచ్‌లోనూ చెబుతాడు.

మూలంచూడు
ఈ కథకు మూలం పోపు 9వ గ్రెగరీ 1233లో రాసిన ఒక ఉత్తరం. జర్మన్ ప్రాంతాల్లో మతవిరోధులు రహస్య పూజలు చేస్తున్నారనీ, అందులో ఒక నల్లపిల్లి కనిపిస్తుందనీ రాశాడు. పిల్లుల్ని చంపమని ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. యూరప్ అంతటా పిల్లుల్ని ఊచకోత కోశారనడానికి ఆనాటి ఆధారమూ లేదు. పైగా ఉత్తరానికీ ప్లేగుకీ మధ్య వందేళ్ళకు పైగా దూరం. పిల్లి తరాల్లో లెక్కేసుకోండి, ఎన్ని సంతానాలు పుట్టి ఉంటాయో!

ఇంకో సంగతి. కైరో, డమాస్కస్‌లలో పిల్లుల్ని ఎంత ముద్దుగా చూసుకునేవాళ్ళో తెలిసిందే. అక్కడా 1348లో జనం అదే రీతిన పోయారు.

మైక్రోబ్‌మేడం
మైక్రోబయాలజీ పాఠం చెప్పుకునేదాన్ని, ఒక ముక్క కలుపుతాను. పిల్లి రక్షణ కవచం కానే కాదు. పిల్లులకు ప్లేగు సులభంగా అంటుతుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో పెంపుడు పిల్లి నుంచి యజమానికి సోకిన కేసులు నమోదయ్యాయి కూడా.

ఇక అసలు యంత్రాంగం. యెర్సీనియా పెస్టిస్ అనే బాక్టీరియా ఎలుక రక్తంతో పాటు ఫ్లీ కడుపులోకి పోతుంది. (ఫ్లీ అంటే కుక్కలకూ ఎలుకలకూ పట్టే, రెక్కల్లేకుండా గెంతే పురుగు. మా పిల్లలు 'ఈగ' అని రాసేస్తారు, అందుకే చెబుతున్నా.) అక్కడ అది గడ్డకట్టి గొంతు దారిని మూసేస్తుంది. పీల్చిన రక్తం లోపలికి దిగదు, ఫ్లీకి ఆకలి తీరదు. పిచ్చెక్కినట్టు మళ్ళీ మళ్ళీ కుడుతుంది. కుట్టిన ప్రతిసారీ ఆ గడ్డలోంచి కొంత బాక్టీరియాని గాయంలోకి కక్కుతుంది. ఎలుకలు చచ్చిపోయాక ఒళ్ళు చల్లబడితే ఫ్లీలు దిగిపోయి దగ్గర్లో వెచ్చగా ఉన్న ఒంటిని వెతుక్కుంటాయి. ఆ ఒళ్ళు మనది.

తర్వాత గజ్జల్లోనో చంకలోనో మెడ దగ్గరో బిళ్ళ కడుతుంది. చికిత్స లేకపోతే సుమారు సగం మంది పోతారు. ఊపిరితిత్తులకు పాకితే దగ్గు తుంపరల్తో ఒకరి నుంచి ఒకరికి నేరుగా అంటుతుంది. మందు లేకుంటే అందులో బతికేవాళ్ళు దాదాపు ఉండరు.

సీమసుబ్బన్న
మేడం, మీరు చెప్పింది చదువుతుంటే మా అనంతపురం వైపు ముసలోళ్ళ మాటలు గుర్తొచ్చాయి. వందేళ్ళ కిందట ప్లేగు రోజుల్లో ఇంటి కప్పు నుంచి ఎలుక రాలిందంటే చాలంట, ఊరు ఊరంతా తట్టాబుట్టా సర్దుకుని పొలాల్లో గుడిసెలు వేసుకునేది. డాక్టరు వచ్చి చెప్పేదాకా ఎవరూ ఆగలేదు. మరి యూరపోళ్ళు ఎలుకలు రాలడం చూసి పసిగట్టలేదా?

మైక్రోబ్‌మేడం
సుబ్బన్న గారూ, చరిత్రకారుల్ని ఇప్పటికీ తికమకపెడుతున్న ప్రశ్న సరిగ్గా అదే. 1348 నాటి యూరప్ రచయితలు కుక్కలు, పందులు చచ్చిన సంగతులు కూడా రాశారు గానీ, ఎలుకలు కుప్పలుగా రాలిపడిన వర్ణనలు దాదాపు కనిపించవు. మన దేశంలో 1896 తర్వాత వచ్చిన ప్లేగులో అదే మొదటి హెచ్చరిక. అందుకే అప్పట్లో మనుషుల ఒంటి మీది ఫ్లీలు, పేలు రోగాన్ని మోశాయేమో అన్న వాదం వచ్చింది. మరణాల వేగాన్ని లెక్కగట్టి 2018లో ఒక పరిశోధన బృందం ఆ దారే బాగా నప్పుతోందని చెప్పింది.

మూలంచూడు
మేడంతో నేను పూర్తిగా ఏకీభవించను. లెక్కల నమూనాలో మనం ఏం పోస్తే అదే తేలుతుంది. గోడ సందుల్లో చచ్చిన ఎలుకను రాయసగాడు రాయాల్సిన విషయం అనుకోకపోయి ఉండొచ్చు. రాతలో లేదు కాబట్టి జరగలేదు అనడం ప్రమాదం. ఎలుకల వాదం ఇంకా బతికే ఉంది.

మైక్రోబ్‌మేడం
బతికే ఉంది, ఒప్పుకుంటా. "ఎలుకల వల్లే, ఇంకేమీ లేదు" అని క్విజ్‌లో జవాబు చెప్పేసినట్టు చెప్పడం మీదే నా గొడవ.

గుంటూరుమిర్చి
ఇద్దరూ కొట్టుకోకండి 😄 నాకొక డౌట్. ఎల్‌కేజీలో పాడించిన రింగా రింగా రోజెస్ ప్లేగు పాటేనంట కదా? రోజా అంటే ఒంటి మీద ఎర్ర మచ్చ, తుమ్ములు, చివర్లో అందరూ చచ్చి పడిపోవడం?

పాతకాగితాలు
పుక్కిటి పురాణం. ఆ పాట అచ్చులోకి వచ్చింది 19వ శతాబ్దంలో. దానికి ప్లేగు అర్థం అంటగట్టడం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జోరందుకుంది. ప్లేగుకు తుమ్ములు అసలు లక్షణమే కాదు. పిల్లల్ని హాయిగా పాడుకోనివ్వండి.

థేమ్స్‌గట్టుతెలుగోడు
లండన్ నుంచి. ఇక్కడ వింత విషయం ఒకటి. బండ్ల మీద శవాలు తెచ్చి గోతిలోకి విసిరేసే దృశ్యం ప్రతి సినిమాలోనూ ఉంటుంది. లండన్ టవర్ పక్కనే ఈస్ట్ స్మిత్‌ఫీల్డ్ అనే చోట 1348-49 నాటి ప్లేగు శ్మశానాన్ని 1980లలో తవ్వారు. పొడవాటి కందకాల్లో కొన్నిచోట్ల ఐదు వరసల దాకా ఒకరి మీద ఒకరిని పెట్టారు. కానీ విసిరేసినట్టు లేదు. తల పడమరకు, కాళ్ళు తూర్పుకు, క్రైస్తవ పద్ధతి తప్పకుండా పడుకోబెట్టారు. విడి సమాధులున్నాయి, కొందరికి శవపేటికలు కూడా ఉన్నాయి. రోజూ వందల్లో జనం పోతుంటే, పాతిపెట్టేవాడికే రేపు బతుకుతానో లేదో తెలియని టెన్షన్‌లో, తల ఏ దిక్కుకుందో చూసుకున్నారు.

2011లో ఆ ఎముకల నుంచే బాక్టీరియా జన్యుక్రమం మొత్తం తీశారు. అది ప్లేగే కాదు, ఎబోలా లాంటి వైరస్ అయి ఉంటుంది అని అప్పటిదాకా నడిచిన వాదనకు దాంతో దాదాపు తెరపడింది.

మూలంచూడు
అన్నిచోట్లా అంత పద్ధతిగా జరగలేదు. ఫ్లోరెన్స్ గోతుల గురించి ఆ ఊరి చరిత్ర రాసిన మార్కియోన్నే స్తెఫానీ, శవాల మీద మట్టి, మట్టి మీద శవాలు, లజాన్యాలో చీజ్ పొరలు వేసినట్టు అని రాశాడు. సియెనాలో ఆన్యోలో ది తూరా అనే ఆయన తన ఐదుగురు పిల్లల్నీ తన చేతుల్తోనే పాతిపెట్టానని రాసుకున్నాడు. ఆ ఊళ్ళో ప్రపంచంలోకెల్లా పెద్ద చర్చి కడదామని గోడలు లేపారు, ప్లేగు వచ్చి పని ఆగింది. ఆ మొండిగోడ ఇప్పటికీ అలాగే నిలబడి ఉంది.

ఓరుగల్లుకోట
అసలు "మన దేశానికి రాలేదు" అన్న ముక్క మీద ఎవరూ మాట్లాడట్లేదేం? మా వరంగల్ పేరు ఈ చర్చలో రాకపోతే ఎలా?

1323లో ప్రతాపరుద్రుడు ఓడి కాకతీయ రాజ్యం పోయింది. ఓరుగల్లును సుల్తాన్‌పూర్ అన్నారు. 1335 ప్రాంతంలో మధురైలో జలాలుద్దీన్ అహసాన్ తిరుగుబాటు చేస్తే ముహమ్మద్ బిన్ తుగ్లక్ స్వయంగా సైన్యంతో బయల్దేరాడు. ఓరుగల్లు చేరేసరికి సైన్యంలో మహమ్మారి. సైనికులు, సర్దార్లు పెద్ద సంఖ్యలో పోయారు, సుల్తాన్ కూడా మంచం పట్టాడు. మధురై దాకా పోకుండానే వెనక్కి మళ్ళాడు. దారిలో మహారాష్ట్రలోని బీడ్ దగ్గర పన్ను ఊడితే ఆ పన్నుకు ఒక సమాధి కట్టించాడని చెబుతారు, తుగ్లక్ కదా మరి! ఆ దెబ్బకు దక్షిణాదిన ఢిల్లీ పట్టు సడలింది. 1336 నాటికి ముసునూరి కాపయ నాయకుడు తుగ్లక్ ప్రతినిధి మాలిక్ మక్బూల్‌ను తరిమి ఓరుగల్లును పట్టుకున్నాడు.

కొన్ని పాత పుస్తకాల్లో ఈ ఓరుగల్లు రోగమే నల్ల మృత్యువు అని, ఇక్కణ్ణుంచే యూరప్ పోయిందని రాశారు. దీని మీద మీరేమంటారు?

పాతకాగితాలు
ఓరుగల్లుకోట గారూ, మంచి చోట పట్టుకున్నారు. నేను ఒప్పుకోనిది ఆఖరి వాక్యమే. ఢిల్లీ చరిత్రకారుడు బరనీ గానీ, తుగ్లక్ కొలువులో ఉన్న మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా గానీ ఓరుగల్లు సంగతి రాస్తూ జనం పోయారని చెప్పారు తప్ప బిళ్ళల ఊసెత్తలేదు. పైగా ఇబ్న్ బతూతా అప్పుడు ఓరుగల్లులో లేడు. తర్వాత మధురై వెళ్ళినప్పుడు మాత్రం అక్కడి మహమ్మారిని కళ్ళారా చూశాడు. సోకినవాళ్ళు రెండో రోజో మూడో రోజో పోయేవారట. ఆరోగ్యంగా ఉందని చెప్పి అమ్మిన బానిస పిల్లను కొంటే మర్నాటికే చనిపోయిందని రాశాడు. అక్కడా బిళ్ళల మాట లేదు. కలరా కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. దండు విడిదిలో నీళ్ళు చెడితే చాలు, ప్లేగే రానక్కర్లేదు.

ఇంకో ఆధారం 2022లో దొరికింది. కిర్గిజ్‌స్తాన్‌లో ఇస్సిక్ కుల్ సరస్సు దగ్గర 1338-39 నాటి సమాధి రాళ్ళున్నాయి. సిరియాక్ లిపిలో, మహమ్మారితో పోయారని చెక్కి ఉంది. ఆ సమాధుల్లోని పళ్ళ నుంచి ప్లేగు బాక్టీరియా డీఎన్‌ఏ తీశారు. నల్ల మృత్యువు తెచ్చిన రకానికి అది పూర్వరూపంగా తేలింది. కాబట్టి వేళ్ళు మధ్య ఆసియా వైపు చూపిస్తున్నాయి, ఓరుగల్లు వైపు కాదు.

ధర్మోరక్షతి
అంటే 14వ శతాబ్దంలో మనకి రాలేదనేగా మీరూ చెబుతున్నది? మరి ఫార్వర్డ్‌లో తప్పేముంది? వాళ్ళు స్నానం చేయరు, మనం చేస్తాం. సింపుల్.

మూలంచూడు
సింపులే అయితే 1896లో బొంబాయిలో దిగిన ప్లేగు తర్వాతి దశాబ్దాల్లో మన దేశంలో కోటి మందికి పైగా జనాన్ని ఎలా చంపింది? మన స్నానాలు అప్పుడు మానేశామా? హమామ్‌లకు, అంటే స్నానశాలలకు, పేరుపడ్డ కైరో 1348లో ఎందుకు గుల్లయింది?

యూరప్ వాళ్ళు స్నానం చేయలేదన్నదీ తప్పే. 13వ శతాబ్దం చివర్లో ఒక్క పారిస్‌లోనే పాతికకు పైగా స్నానశాలలు పన్ను కడుతూ నడిచేవి. ప్లేగు వచ్చాక వైద్యులే వేడినీళ్ళ స్నానం వద్దన్నారు, చర్మరంధ్రాలు తెరుచుకుంటే చెడుగాలి లోపలికి పోతుందని. స్నానశాలలు నిజంగా మూతపడటం ఎక్కువగా 16వ శతాబ్దంలో. తర్వాతి కాలంలో "మురికి మధ్యయుగం" అని వెక్కిరించినవాళ్ళే ఆ మధ్యయుగం వాళ్ళకంటే తక్కువ స్నానం చేశారు.

ధర్మోరక్షతి
సరే, బొంబాయి పాయింట్‌కి నా దగ్గర జవాబు లేదు. కానీ ఎలుకలు చేరని శుభ్రమైన ఇల్లు మంచిదనే మాట మాత్రం వదలను.

మైక్రోబ్‌మేడం
వదలొద్దు. ధాన్యం మూటలు ఇంట్లో లేకుండా చూసుకోండి, స్నానం కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది.

నేతమగ్గం_సూరత్
మాది సిరిసిల్ల, నాన్న తరం నుంచి సూరత్‌లోనే మగ్గాల పని. ప్లేగు మధ్యయుగాలతో పోయిందనుకునేవాళ్ళకు ఒకటి చెప్పాలి. 1994 సెప్టెంబర్‌లో ఇక్కడ ప్లేగు అన్నారు. మా వాడలో తెల్లారేసరికి సగం గదులకు తాళాలు. రైల్వే స్టేషన్లో కాలు పెట్టే చోటు లేదు. మూతికి రుమాలు కట్టుకుని జనం ఊళ్ళకు పరుగు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ దొరకలేదు. మా నాన్న మాత్రం మగ్గం మీద సగం నేసిన బట్ట ఉందని కదల్లేదు, అమ్మ తిట్టిన తిట్లు ఇప్పటికీ చెప్పుకుంటాం. పోయినవాళ్ళు సుమారు యాభై మంది. భయం మాత్రం దేశమంతా.

తర్వాత కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు గారు ఊరిని కడిగి పారేశారు. అంతకుముందు మా గల్లీలో చెత్త ఎత్తినవాడే లేడు.

మైక్రోబ్‌మేడం
టెట్రాసైక్లిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి మందులకు ఇది ఇప్పటికీ లొంగుతుంది, వెంటనే ఇస్తే. మడగాస్కర్‌లో 2017లో రెండు వేలకు పైగా కేసులు వచ్చాయి, రెండు వందల మంది దాకా పోయారు. ప్లేగు పోయింది అనుకోవడం కూడా ఈ చర్చలో చేర్చాల్సిన అపోహే.

పాతబస్తీపోరడు
మా చార్మినార్ సంగతేంది అన్నా? ప్లేగు తగ్గినందుకే 1591ల కట్టిండ్రని గైడ్లు చెప్తరు.

ఓరుగల్లుకోట
తమ్మీ, ఆ కథ ఎంత ప్రచారంలో ఉందో, హిజ్రీ వెయ్యో సంవత్సరం వచ్చిందని కట్టారన్న మాట కూడా అంతే ఉంది. ఆ రోగాన్ని ఒకరు ప్లేగు అంటారు, ఒకరు కలరా అంటారు. గోల్కొండ ఇరుకై, నీళ్ళ కరువొచ్చి కొత్త నగరం కట్టారన్నది గట్టి కారణం.

పాతకాగితాలు
ఇంకో అపోహ ఉంది, అది సరదా విషయం కాదు. "యూదులు బావుల్లో విషం కలిపారని అజ్ఞానపు జనం ఆవేశంలో చంపేశారు, చర్చి ఎగదోసింది" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. జరిగింది అంతకంటే ఘోరం, ఎందుకంటే చాలాచోట్ల ప్లాన్ ప్రకారం జరిగింది. 1348లో సవాయ్ ప్రాంతంలో కొందరు యూదుల్ని చిత్రహింసలు పెట్టి, విషం కలిపామని ఒప్పించారు. ఆ "వాంగ్మూలాల" నకళ్ళు ఊరూరా పంపారు. స్ట్రాస్‌బర్గ్‌లో 1349 ఫిబ్రవరి 14న వందల మందిని కాల్చి చంపారు. అప్పటికి ఆ ఊళ్ళోకి ప్లేగు ఇంకా రానేలేదు! ముందు పాత పాలకమండలిని దించేశారు, ఎందుకంటే వాళ్ళు యూదుల్ని కాపాడాలని చూశారు. చంపాక వాళ్ళకు ఇవ్వాల్సిన అప్పులు రద్దు చేసుకున్నారు, డబ్బు పంచుకున్నారు. రోగభయం ఒక్కటే కారణమైతే అప్పు పత్రాల మీద అంత శ్రద్ధ దేనికి?

పోపు 6వ క్లెమెంట్ 1348లోనే దీన్ని ఖండిస్తూ ఆజ్ఞాపత్రాలు ఇచ్చాడు. యూదులూ అదే రోగంతో చస్తున్నారు, యూదులే లేని చోట్లా రోగం ఉంది, ఇక విషం మాట ఎక్కడిది అని అందులో తర్కించాడు. పోపు అప్పట్లో ఉండే ఫ్రాన్స్ వైపు ఊరు అవిన్యోన్‌లో ఆ మాట చెల్లింది, రైన్ నది ఊళ్ళలో చెల్లలేదు.

థేమ్స్‌గట్టుతెలుగోడు
డమాస్కస్‌లో అదే ఏడాది జరిగింది దీని పక్కన పెట్టి చూడండి. జనమంతా మూడు రోజులు ఉపవాసం ఉండి, ముస్లింలు ఖురాన్‌తో, యూదులు తోరాతో, క్రైస్తవులు సువార్తలతో కలిసి కాలినడకన ప్రార్థనకు వెళ్ళారు. ఇబ్న్ బతూతా చూసి రాశాడు.

గుంటూరుమిర్చి
చివరి ప్రశ్న. ఆ కాలం డాక్టర్లు ఏం చేశారు? గ్రహాలు చూసి ఊరుకున్నారా?

మూలంచూడు
గ్రహాలూ చూశారు. పారిస్ వైద్య పండితులు 1348 అక్టోబర్‌లో రాజుకిచ్చిన నివేదికలో, 1345 మార్చిలో కుంభరాశిలో శని, గురు, కుజులు కలవడమే మూల కారణం అని రాశారు. మన పంచాంగం చూసేవాళ్ళకు అదేం వింతగా అనిపించదు 😄

కానీ అక్కడితో ఆగలేదు. పోపు వైద్యుడు గీ ద షోలియాక్ అవిన్యోన్ వదలి పారిపోలేదు. పరువు పోతుందన్న భయంతోనే ఉన్నానని నిజాయితీగా రాసుకున్నాడు. రెండు రకాలున్నాయని ఆయనే విడదీశాడు: రక్తం కక్కేది మూడు రోజుల్లో చంపుతుంది, బిళ్ళలు కట్టేది ఐదు రోజుల్లో. సూక్ష్మదర్శిని లేదు, బాక్టీరియా అన్న ఊహే లేదు, అయినా మేడం పైన చెప్పిన తేడా పట్టేశాడు. ఆయనకే గజ్జల్లో బిళ్ళ కట్టి, అందరూ ఆశ వదిలేశాక బతికాడు. పెరూజియాలో రోగుల్ని చూస్తూ జెంతీలే ద ఫోలిన్యో అనే పేరున్న వైద్యుడు 1348 జూన్‌లో పోయాడు.

స్పెయిన్‌లోని గ్రనాడాలో ఇబ్న్ అల్ ఖతీబ్ అనే పండితుడు ఇది అంటురోగమేనని వాదించాడు. రోగి బట్టలు, పాత్రలు, ఒక చెవిపోగు ద్వారా కూడా సోకుతోందని, దూరంగా ఉన్నవాళ్ళకు రావట్లేదని కళ్ళతో చూసిందే చెప్పాడు. ఇటలీలోని పిస్తోయాలో 1348 మే నాటికే పాత బట్టలు ఊళ్ళోకి తేవద్దని, పీసా, లుక్కాల నుంచి ఎవరూ రావద్దని చట్టం పెట్టారు.

థేమ్స్‌గట్టుతెలుగోడు
క్వారంటైన్ కూడా అప్పటిదే. ఇప్పుడు దుబ్రోవ్నిక్ అంటున్న రగూసా రేవులో 1377లో నియమం పెట్టారు: ప్లేగు ఉన్న చోటి నుంచి వచ్చినవాళ్ళు నెల రోజులు బయటి దీవిలోనో పక్క ఊళ్ళోనో ఆగాలి. తర్వాతి కాలంలో అది నలభై రోజులైంది. 1423లో వెనిస్ రోగుల కోసం ఒక దీవినే కేటాయించింది.

సీమసుబ్బన్న
మా వాళ్ళు పొలాల్లో గుడిసెలేసుకుంటే, వీళ్ళు దీవిలో ఆపారన్నమాట. నెల రోజులూ వాళ్ళకు తిండి ఎవరు పెట్టేవాళ్ళు?

థేమ్స్‌గట్టుతెలుగోడు
1377 నియమంలో దానికీ ఒక షరతుంది. అనుమతి లేకుండా వాళ్ళ దగ్గరికి తిండి పట్టుకెళ్ళినవాడు కూడా వాళ్ళతో పాటు నెల రోజులు అక్కడే ఉండిపోవాలి.